అద్దె టెలిస్కోపు ఫోటోకి బహుమతి ఇవ్వవచ్చునా?

(మన సంఘం వార్షిక కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు వంటి ముఖ్యమైన విషయాలన్నీ చర్చించుకున్నాం. భోజనాలకు ముందు మిగిలిన ఈ అరగంట నాకు ఇచ్చారు. ఆకలి వేళ ఆకాశం గురించి మాట్లాడటం సాహసమే. అయినా విషయం మన పిల్లలది, పైగా రెండు కుటుంబాల మధ్య మాటలు తగ్గడానికి కారణమైనది. కాబట్టి కొంచెం ఓపిక పట్టవలసిందిగా కోరుతున్నాను.

కిందటి సంవత్సరం మన సభ్యుల మనుమలు, మనుమరాళ్లకు రాత్రి ఆకాశం ఫోటోల పోటీ పెట్టుకున్నాం. ఇంటర్మీడియట్ చదివే ఒక అబ్బాయి పంపిన టరాంటులా నెబ్యులా చిత్రానికి మొదటి బహుమతి వచ్చింది. తొమ్మిదో తరగతి అమ్మాయి గాజువాకలో మేడ మీద నుంచి చిన్న టెలిస్కోపుకి సెల్‌ఫోను ఆనించి తీసిన చంద్రుడి చిత్రానికి రెండో బహుమతి వచ్చింది. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ అబ్బాయి ఫోటో చిలీ దేశంలోని టెలిస్కోపుని గంటల లెక్కన అద్దెకు తీసుకుని, ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని తీసినది. “డబ్బిచ్చి తెప్పించుకున్న ఫోటోకి బహుమతేమిటి? వెనక్కి తీసుకోండి” అని కొందరన్నారు. “నిబంధనల్లో ఎక్కడుంది వద్దని?” అని మరికొందరన్నారు. నేను నిర్ణేతను కాను. ఆకాశం చూసే అలవాటు ఉన్నవాడిని గనుక నా అభిప్రాయం చెప్పమని కార్యవర్గం వారు కోరారు.

ముందుగా ఈ అద్దె టెలిస్కోపు సంగతి తెలియని వారికి రెండు మాటలు. చిలీ, స్పెయిన్, ఆస్ట్రేలియా, అమెరికాలోని న్యూ మెక్సికో వంటి చోట్ల గాలి పొడిగా, ఆకాశం నల్లగా ఉండే ప్రదేశాల్లో కొన్ని సంస్థలు మంచి టెలిస్కోపులు నిలబెట్టాయి. మనం ఇంటర్నెట్ ద్వారా సమయం రిజర్వు చేసుకోవాలి. ఏ వస్తువును తీయాలి, ఏ ఫిల్టరు పెట్టాలి, ఒక్కొక్క ఎక్స్‌పోజరు ఎన్ని సెకన్లు ఉండాలి, అలాంటివి ఎన్ని తీయాలి అన్నవి మనమే చెప్పాలి. అక్కడ పైకప్పు తెరుచుకుని, టెలిస్కోపు తిరిగి, కెమెరా తన పని తాను చేస్తుంది. న్యూ మెక్సికోలో రాత్రి అంటే మనకి పగలు. పిల్లలు నిద్ర మానుకోనక్కరలేదు.

వచ్చేది మాత్రం తయారైన బొమ్మ కాదు. నలుపు తెలుపులో, వెలవెలబోతూ పదుల కొద్దీ ముడి ఫ్రేములు వస్తాయి. వాటి నుంచి కెమెరా లోపాలను తీసివేయాలి. ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో విడివిడిగా తీసిన వాటిని కలిపి రంగు రప్పించాలి. ఇది తెలిసినవాడికి ఒక సాయంత్రం పని, నేర్చుకునేవాడికి నెలల పని.

ఇప్పుడు అభ్యంతరాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, “వాడు అక్కడ లేడు కదా” అన్న మాట. దూరంగా ఉండి చేసినంత మాత్రాన ఒక పని అబద్ధం అవుతుందా? మన లైఫ్ సర్టిఫికెట్ సంగతే తీసుకోండి. ఒకప్పుడు బ్యాంకుకి వెళ్లి, క్యూలో నిలబడి, మేనేజరు ఎదుట సంతకం పెడితేగాని మనం బ్రతికి ఉన్నట్టు కాదు. 2014లో జీవన ప్రమాణ్ వచ్చింది. 2021 నుంచి సెల్‌ఫోను ముందు ముఖం చూపిస్తే చాలు. ఇంట్లో పడక కుర్చీలో కూర్చుని ఇచ్చినది దొంగ ప్రమాణమని ఎవరూ అనడం లేదు. అక్కడ చూసేది ఒక్కటే, ముఖం ఎవరిది అని.

శాస్త్రజ్ఞులైనా అంతే. లడాఖ్‌లోని హాన్లేలో, సముద్ర మట్టానికి సుమారు 4,500 మీటర్ల ఎత్తున, మన దేశపు 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు ఉంది. దానిని బెంగుళూరు దగ్గర హోస్కోట నుంచి ఉపగ్రహం ద్వారా నడుపుతారు. ఆ చలిలో, ఆ పలచని గాలిలో రాత్రంతా నిలబడలేదు కనుక వారి పరిశోధన చెల్లదని అనగలమా?

రెండో అభ్యంతరం, “పరికరం వాడిది కాదు కదా” అన్నది. దీనికి మన ఊరి చరిత్రే సమాధానం చెబుతుంది. మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీలో చదివిన వారు ఈ సభలో చాలామందే ఉన్నారు. ఆ ఏ.వి.ఎన్. ఎవరో పిల్లలకు చెప్పాలి. 1840లో గోడే వెంకట జగ్గారావు గారు డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో నక్షత్రశాల స్థాపించారు. 1856లో ఆయన పోయిన తర్వాత దానిని చేపట్టిన వారు అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు, అదే ఏ.వి.ఎన్. గారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని ఆయన విశాఖపట్నం నుంచే 6 అంగుళాల టెలిస్కోపుతో పరిశీలించారు. ఆ వివరాలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. ఆ నక్షత్రశాల మామగారు కట్టినది కదా అని ఎవరూ ఆయన కీర్తిలో కోత పెట్టలేదు. గడియారం చూసి, క్షణాలు లెక్కపెట్టి, కంటితో చూసినది ఆయన.

ఇంకో ఉదాహరణ. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి గారు 1867లో ఆర్. రెటిక్యులై అనే నక్షత్రం వెలుగు హెచ్చుతగ్గులు అవుతోందని కనిపెట్టారు. టెలిస్కోపు సర్కారుది, ఆయన జీతగాడు. అయినా ఆ నక్షత్రం పేరు చెప్పినప్పుడు ఆయన పేరే చెబుతారు.

పోర్టులో పనిచేసిన మిత్రులకు ఇది ఇంకా సులువుగా అర్థమవుతుంది. సముద్రంలో ఆగిన ఓడ ఎక్కి, డాల్ఫిన్స్ నోస్ పక్క కాలువ గుండా లోపలి రేవుకి తీసుకొచ్చే పైలట్ గారిని, “ఈ ఓడ మీదేనా?” అని ఎవరైనా అడిగారా? ఓడ గ్రీసు వారిది కావచ్చు, జపాను వారిది కావచ్చు. కాలువలో దానిని నడిపించిన నేర్పు పైలట్‌ది. అయితే అదే ఓడలో ఒక ప్రయాణికుడు కూడా రేవులో దిగుతాడు. “నేనే ఓడ తెచ్చాను” అని అతడు అనకూడదు.

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. టెలిస్కోపు ఎవరిది, ఎక్కడుంది అన్నది కాదు. నడిపించినది ఎవరు, ఎక్కి వచ్చినది ఎవరు అన్నది. అద్దె టెలిస్కోపుల సంస్థలలో కొన్ని, ముందే తీసి పెట్టిన ముడి ఫ్రేములను కూడా అమ్ముతాయి. వాటిని కొని, పేర్చి, రంగులు దిద్దడం కూడా ఒక విద్యే, కాదనను. కాని వస్తువును ఎంచుకున్నది, ఎక్స్‌పోజరు నిర్ణయించినది వేరొకరు. అలాంటి చిత్రం కింద “ఫోటో తీసినది నేను” అని రాస్తే మాత్రం అది ప్రయాణికుడు పైలట్ టోపీ పెట్టుకున్నట్టు ఉంటుంది.

మూడో అభ్యంతరం డబ్బు గురించి. దీనిలో మాత్రం నిజం చాలా ఉంది. మన విశాఖ ఆకాశం ఎలాంటిదో మీకు తెలుసు. రేవు దీపాలు, ఫ్యాక్టరీల దీపాలు, బీచి రోడ్డు లైట్లు, వాటికి తోడు సముద్రం మీద నుంచి వచ్చే తేమ, గాలిలో ధూళి. జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బులు. నెబ్యులాల వంటి మసక వస్తువులను తీసేటప్పుడు ఆకాశపు వెలుగే పెద్ద శత్రువు. ఖగోళ శాస్త్రజ్ఞుల కొలత ప్రకారం ఒక చోట ఆకాశం రెండు మాగ్నిట్యూడ్‌ల మేర ఎక్కువ వెలుగుగా ఉంటే, నల్లని ఆకాశం కింద ఒక గంటలో వచ్చే స్పష్టత కోసం ఇక్కడ ఆరు గంటలకు పైగా ఎక్స్‌పోజరు ఇవ్వాలి. చిలీలో ఒక రాత్రి పని ఇక్కడ వారం రాత్రుల పని అవుతుంది, అదీ మబ్బు పట్టకపోతే.

ఆ టరాంటులా నెబ్యులానే చూడండి. అది దక్షిణ ధ్రువం వైపు ఉన్న వస్తువు. మన ఊరి అక్షాంశం నుంచి అది ఎంత పైకి వచ్చినా సముద్రపు అంచుకి మూడు డిగ్రీలు మించదు. చేయి చాచి పట్టుకుంటే రెండు వేళ్ల మందం. ఆ ఎత్తున తేమ, పొగమంచు తప్ప మరేమీ మిగలదు. గాజువాక మేడ మీద అమ్మాయి ఎన్ని రాత్రులు మేలుకున్నా ఆ చిత్రం తీయలేదు. ఆ లోటు ఆమె తెలివిది కాదు, శ్రద్ధది కాదు. మన ఊరు ఉన్న చోటుది, వాళ్ల నాన్న జేబుది.

దీనికి నిషేధం మందు కాదు. మన సిక్కోలు బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం తెచ్చింది. 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోలు ఎత్తింది. బరువు ఎక్కువ ఉన్న వారితో కలిపి నిలబెట్టి ఉంటే ఆ పతకం వచ్చేదా? బరువు తరగతి పెట్టినందుకు పెద్ద తరగతి వారిని ఎవరూ దొంగలనలేదు, చిన్న తరగతి వారిని అలుసు చేయలేదు. ఎవరి తరగతిలో వారు పోటీ పడ్డారు. ఫోటోల పోటీకి కూడా అదే మార్గం.

ప్రపంచంలో పెద్ద పోటీలు ఇలాంటి దారే పట్టాయి. ఇంగ్లండులో గ్రీనిచ్ రాయల్ అబ్జర్వేటరీ వారు 2009 నుంచి ఆకాశ ఛాయాచిత్రకారుల పోటీ నిర్వహిస్తున్నారు. 2010 తర్వాతి సంవత్సరాల్లో కొంతకాలం దూరం నుంచి నడిపే టెలిస్కోపులతో తీసిన చిత్రాలకు వేరే బహుమతి ఇచ్చారు. పిల్లలకు వేరే, కొత్తగా చేరిన వారికి వేరే బహుమతులున్నాయి. అబ్జర్వేటరీలు అందరికీ ఉచితంగా వదిలిన ముడి సమాచారం నుంచి చిత్రం తయారుచేసే వారి కోసం ఇటీవలి సంవత్సరాల్లో ఆనీ మాండర్ పేరున ఒక బహుమతి పెట్టారు. ఈ ఆనీ మాండర్ 1898 జనవరి 22 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని మన దేశానికి వచ్చి, తల్ని అనే చోట ఫోటో తీసిన మహిళ.

ఇదంతా చూసి డబ్బున్న వాడిదే రాజ్యమని కూడా అనుకోకండి. 2023లో ఆ పోటీలో అగ్ర బహుమతి ముగ్గురు ఔత్సాహికులకు కలిపి వచ్చింది. వారు తీసినది ఆండ్రోమెడా గెలాక్సీని. నూరేళ్లకు పైగా ప్రపంచమంతా తీస్తూనే ఉన్న వస్తువు అది. దాని పక్కనే ఆక్సిజన్ వాయువు వెలుగుతో మెరిసే పెద్ద చాపం ఒకటి ఉన్నదని ఇంతకాలం ఎవరికీ తెలియదు. వారు వాడిన టెలిస్కోపు కటకం వెడల్పు సుమారు నాలుగు అంగుళాలే. అయితే వంద గంటలకు పైగా ఎక్స్‌పోజరు ఇచ్చారు. ఓపిక ముందు పెద్ద పరికరం వెనకబడింది. ఇంకో సంగతి గమనించండి, ముగ్గురూ పని పంచుకున్నారు, ముగ్గురి పేర్లూ వేసుకున్నారు. 1949లో మన హైదరాబాదు నుంచి హార్వర్డుకి చదువుకోవడానికి వెళ్లిన వైణు బప్పు, అక్కడి ఫోటో ప్లేటు మీద కొత్త తోకచుక్కను గుర్తుపట్టినప్పుడు కూడా అంతే జరిగింది. దానిని నిర్ధారించడంలో సాయపడిన బాక్, న్యూకర్క్‌ల పేర్లు కలిపి, ఆ తోకచుక్కకు బప్పు–బాక్–న్యూకర్క్ అని పేరు పెట్టారు. సాయం చేసిన వారి పేరు చెప్పినంత మాత్రాన మన పేరు చిన్నదైపోదు.

ఇక నాలుగో సంగతి, నిజాయితీ. ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే ఏ తరగతులు పెట్టినా ప్రయోజనం లేదు. 2009లో అడవి జంతువుల ఫోటోల పోటీ ఒకదానిలో, గేటు మీదుగా దూకుతున్న తోడేలు చిత్రానికి లండన్‌లో అగ్ర బహుమతి ఇచ్చారు. అది అడవి తోడేలు కాదు, మచ్చిక చేసిన జంతువై ఉండవచ్చునని నిర్ణేతలు తేల్చి 2010 జనవరిలో ఆ బహుమతి రద్దు చేశారు. మచ్చిక జంతువును ఫోటో తీయడం నేరమేమీ కాదు. అడవిదని నమ్మించడం తప్పు.

నేను ఉక్కు కర్మాగారం క్వాలిటీ లేబొరేటరీలో ఉద్యోగ జీవితం గడిపాను. కరిగిన ఉక్కు ప్రతి హీట్‌కీ ఒక నంబరు ఉంటుంది. కార్బన్ ఎంత, మాంగనీస్ ఎంత, గంధకం ఎంత అని పరీక్షించి కాగితం మీద పెడతాం. సరుకు ఏ ఊరు వెళ్లినా ఆ నంబరు పట్టుకుని వెనక్కి వస్తే ఏ రోజు, ఏ షిఫ్టులో తయారైందో తెలిసిపోతుంది. ఆ కాగితం అడిగిన కొనుగోలుదారు మనని అనుమానించినట్టు కాదు. మన సరుకుకి విలువ ఇచ్చినట్టు. ఫోటోకి కూడా అలాంటి కాగితం ఒకటి ఉండాలని నా మనవి. మనం బ్రతికి ఉన్నామని ఏటా ఋజువు చూపిస్తున్న వాళ్లం, పిల్లవాడి ఫోటోకి ఋజువు అడిగితే తప్పు పట్టకూడదు.

ఈ ఆలోచనలతో వచ్చే పోటీకి నాలుగు ప్రతిపాదనలు సభ ముందు పెడుతున్నాను.

ఒకటి. పోటీని మూడు విభాగాలు చేయాలి. మన ఆకాశం కింద, చేతిలో ఉన్న పరికరంతో తీసినవి మొదటి విభాగం. సెల్‌ఫోను, ఎరువు తెచ్చుకున్న కెమెరా అన్నీ ఇందులోకే వస్తాయి. దూరపు టెలిస్కోపుకి తాను స్వయంగా ఆదేశాలిచ్చి తీసినవి రెండో విభాగం. ఇతరులు తీసిన ముడి ఫ్రేముల నుంచి తయారుచేసినవి మూడో విభాగం. మూడింటికీ సమానమైన బహుమతి, సమానమైన చప్పట్లు.

రెండు. ప్రతి చిత్రంతో ఒక పేజీ వివరణ జత చేయాలి. ఎక్కడ, ఏ రోజు, ఏ పరికరంతో, ఎన్ని ఎక్స్‌పోజర్లు, ఎవరు నిర్ణయించారు, ఎవరు సాయం చేశారు. బహుమతి దాకా వచ్చిన చిత్రాలకు ముడి ఫ్రేములు కూడా చూపించాలి. ఫ్రేములు పేర్చడం, వెలుగు, రంగు సరిచేయడం ఒప్పుకోదగినవే. లేని నక్షత్రాలు అతికించడం, కృత్రిమ మేధ చేత వివరాలు గీయించడం ఒప్పుకోకూడదు. భూమి మీది దృశ్యం ఒకసారి, ఆకాశం ఒకసారి తీసి కలిపితే, కలిపాను అని రాయాలి.

మూడు. సంఘం తరఫున ఒక చిన్న టెలిస్కోపు కొని లైబ్రరీలో పెట్టాలి. పుస్తకం తీసుకెళ్లినట్టు వారం రోజులు ఇంటికి తీసుకెళ్లవచ్చు. చంద్రుడు, గురువు, శని వంటి వాటికి ఊరి దీపాలు అంతగా అడ్డు రావు. గాజువాక మేడ అయినా, ఉక్కునగరం క్వార్టరు అయినా వాటికి చాలు.

నాలుగు. సభ్యులం తలా కొంత వేసుకుని, ఏడాదికి కొన్ని గంటలు దూరపు టెలిస్కోపు అద్దెకు తీసుకుందాం. ఏ వస్తువు తీయాలో పిల్లలందరూ కలిసి నిర్ణయించనివ్వండి. వచ్చిన ముడి ఫ్రేములు అందరికీ ఒకేలా పంచుదాం. అప్పుడు ఎవరి నాన్న జేబు ఎంత అన్న ప్రశ్న ఉండదు. ఒకే బియ్యం ఇచ్చి ఎవరి వంట ఎలా ఉందో చూసినట్టు ఉంటుంది.

ఇక కిందటేటి బహుమతి మాట. వెనక్కి తీసుకోవాలన్న వారితో నేను ఏకీభవించడం లేదు. ఆ అబ్బాయి దరఖాస్తు నేను చూశాను. చిలీలోని అద్దె టెలిస్కోపు అని తన చేతితో రాశాడు. ఏదీ దాచలేదు. అప్పటి నిబంధనల్లో వద్దని లేదు. ఇవాళ పెట్టుకునే నిబంధనను నిన్నటి బహుమతికి వర్తింపజేస్తే, మనకి బాగా తెలిసిన ఒక బాధను ఆ పిల్లవాడికి కలిగించిన వాళ్లం అవుతాం. ఎప్పుడో ఎక్కువ ఇచ్చామంటూ రిటైరైన వారి పెన్షన్ మీద రికవరీ పెడితే మనం ఎంత క్షోభ పడ్డామో గుర్తు తెచ్చుకోండి. ఉద్యోగి వైపు తప్పు, మోసం లేనప్పుడు రిటైరైన వారి నుంచి అలా రాబట్టరాదని సుప్రీం కోర్టు 2014లో రఫీక్ మసీహ్ కేసులో చెప్పింది. పెద్దవాళ్లకి ఆ న్యాయం కోరుకున్న మనం పిల్లవాడికి మరో న్యాయం చెప్పకూడదు.

అలాగని ఆ అమ్మాయికి రెండో స్థానంతో సరిపెట్టడం కూడా న్యాయం కాదు. ఆమె చిత్రాన్ని నేను భూతద్దం పెట్టి చూశాను. చంద్రుడి మీద వెలుగు చీకట్ల సరిహద్దున టైకో, క్లేవియస్ గుంటల అంచులు స్పష్టంగా ఉన్నాయి. చేతిలో ఫోను, మోటారు లేని స్టాండు, ఊగే గాలి, వీటితో ఆ స్పష్టత తేవడం మాటలు కాదు. కనుక కొత్త తరగతుల ప్రకారం “మన ఆకాశం” విభాగంలో ఆమెకు కూడా కిందటేటి ప్రథమ బహుమతి ఇవ్వాలని, మొదటి అబ్బాయి బహుమతి ముట్టుకోకుండా అలాగే ఉంచాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఆ ఖర్చుకి నా వంతు ఇవాళే కోశాధికారి గారికి ఇస్తాను.

పిల్లలకి ఒక మాట. అద్దె టెలిస్కోపు వాడటం చిన్నతనం కాదు, వాడలేకపోవడం అంతకన్నా చిన్నతనం కాదు. మీరు ఏం చేశారో, ఏం చేయలేదో చిత్రం కింద స్పష్టంగా రాయండి. పెద్దలు దానిని తూకం వేసి చూస్తారు.

ఆ రెండు కుటుంబాల పెద్దలూ ఈ సభలోనే ఉన్నారని తెలుసు. భోజనాల దగ్గర ఒకే వరుసలో కూర్చోవలసిందిగా వారిని సవినయంగా ప్రార్థిస్తున్నాను. ప్రతిపాదనల మీద సభ్యులు తమ అభిప్రాయాలను రాతపూర్వకంగా కార్యదర్శి గారికి అందజేయగలరు.